పాత మందులకు క్రొత్త పని: గొఱ్ఱెల కార్జపు జలగ

ఒక జబ్బుకై కనిపెట్టబడిన మందు వేఱొక జబ్బునకు పనికివచ్చుట వైద్యచరిత్రలో అరుదు కాదు. మనుష్యునికై పుట్టినది పశువునకును, పశువునకై పుట్టినది మనుష్యునికిని ఉపకరించిన సందర్భములు పెక్కులు గలవు. పూర్వము యాదృచ్ఛికముగ జరిగిన ఈ కార్యమును ఇటీవల శాస్త్రజ్ఞులు బుద్ధిపూర్వకముగ చేయుచున్నారు. క్రొత్త మందు నొకదానిని మొదటినుండి నిర్మించుటకు పట్టు కాలమును ధనమును తలచుకొని, అలమారులలోనున్న పాత మందులనే క్రొత్త శత్రువుపై ప్రయోగించి చూచుచున్నారు. గొఱ్ఱెల కార్జమును పాడుచేయు జలగ విషయమున ఈ ప్రయత్నము ఎంతవఱకు సఫలమైనది, ఎచ్చట విఫలమైనది, మన మందలకు దీనివలన కలుగదగిన మేలెట్టిది యను ప్రశ్నలను నేడు పాఠకుల ముందుంచుచున్నాము.

ఇది పశువైద్యులకు మాత్రమే సంబంధించిన విషయమని కొందఱు తలపవచ్చును. 2019 నాటి పశుగణనము ప్రకారము భారతదేశమున రమారమి 7 కోట్ల 43 లక్షల గొఱ్ఱెలుండగా, అందు తెలంగాణమున 1 కోటి 91 లక్షలును, ఆంధ్రప్రదేశమున 1 కోటి 76 లక్షలును ఉండెను. అనగా దేశమందలి గొఱ్ఱెలలో ఇంచుమించు సగము తెలుగు నేలమీదనే మేయుచుండెను. గొల్ల కురుమ కుటుంబములకు మందయే నిలువధనము. పెండ్లి వచ్చినను, చదువునకు రుసుము కట్టవలసినను, ఆసుపత్రికి పోవలసినను ముందుగా అంగడికి తోలబడునది పొట్టేలే. అట్టి కుటుంబమున ఒక్క యేట పది గొఱ్ఱెలు నేలగూలినచో ఆ యేటి లెక్కయంతయు తాఱుమాఱగును. చావక మిగిలినదియు చిక్కి, పాలు తగ్గి, పిల్లను పెంపజాలక, తక్కువ వెలకు పోవును. కావున ఈ మందుల సంగతి లక్షలాది కుటుంబముల జీవికకు సంబంధించినది.

శత్రువు స్వరూపము

ఈ పురుగులో ముఖ్యమైన జాతులు రెండు. ఐరోపా, ఆస్ట్రేలియా, దక్షిణ అమెరికా ఖండములయందలి చల్లని ప్రదేశములలో నుండునది ఫాసియోలా హెపాటికా. మనదేశమువంటి ఉష్ణదేశములలో ప్రబలియున్నది ఫాసియోలా జైగాంటికా. మొదటిది సుమారు 3 సెంటీమీటర్ల పొడవున ఆకువలె నుండును. రెండవది పేరునకు తగినట్లు దానికంటె మిక్కిలి పొడవైనది, 7 సెంటీమీటర్లవఱకు పెరుగగలదు. మన పల్లెలలో దీనిని జలగ యనుచున్నను, చెఱువులో కాలికి పట్టు జలగకును దీనికిని చుట్టఱికము లేదు. ఇది పశువు కార్జమునందు కాపురముండు చదునైన పరాన్నజీవి.

దీని జీవయాత్ర విచిత్రమైనది. కార్జమునందలి పిత్తనాళములలో స్థిరపడిన పెద్ద జలగ దినమునకు వేలకొలది గ్రుడ్లు పెట్టును. అవి పేడతోకూడ బయటపడి నీటిని చేరినచో, వెచ్చని కాలమున రమారమి రెండు వారములలో పొదుగబడును. వెలువడిన శిశువు కొలది గంటలలో ఒక నత్తను పట్టుకొనవలెను, లేనిచో చచ్చును. మనదేశమున దానికి ఆశ్రయమిచ్చునది చెఱువులలోను కాలువలలోను నుండు లిమ్నియా కుటుంబపు నత్త. నత్త కడుపున ఒక్క శిశువు వందలకొలదిగ వృద్ధిపొంది, తోకగల సూక్ష్మజీవులుగ మరల నీటిలోనికి వచ్చి, గట్టు పచ్చికను అంటుకొని, చుట్టును పెంకు కట్టుకొని గొఱ్ఱెకై వేచియుండును. ఎండలకు బీడులన్నియు మాడినపుడు పచ్చగా మిగులునది చెఱువు శిఖములందును కాలువ గట్లయందును మొలచిన గడ్డియే. ఆకలిగొన్న మంద అచ్చటికే పోవును. ఆ పచ్చికలోనే వ్యాధి పొంచియున్నది.

ఇంతటితో కథ ముగియలేదు. మందుల విషయమున ముఖ్యమైన భాగ మిపుడే మొదలగును. గొఱ్ఱె మ్రింగిన పిల్లజలగ ప్రేగు గోడను తొలిచి, పొట్టలోనికి దిగి, కార్జమును చీల్చుకొని లోనికి ప్రవేశించి, వారములకొలది ఆ మాంసమును తినుచు తిరుగాడును. అటుపిమ్మటనే పిత్తనాళమును చేరి పెద్దదై గ్రుడ్లు పెట్టును. ఒకేసారి వేలకొలది పిల్లజలగలు చొచ్చినచో, పేడలో ఒక్క గ్రుడ్డైనను కానరాకమునుపే గొఱ్ఱె హఠాత్తుగ చచ్చును. పెద్ద జలగలు మాత్రమే యున్నచో మెల్లగా నెత్తురు తఱిగి, కంటిరెప్ప లోపల తెల్లబాఱి, దవడక్రింద నీరు దిగి తిత్తివలె వ్రేలాడును. కావున పెద్ద జలగను మాత్రమే చంపు మందు సగము మందు. పిల్లజలగను సైతము చంపునదే పూర్తి మందు. ఈ భేదమును పాఠకులు మనసున నుంచుకొందురుగాక.

ఈ వ్యాధి మనుష్యులకు తెలిసి చాలకాలమైనది. ఫ్రాన్సు దేశమున జ్యాఁ ద బ్రీ యను గొఱ్ఱెలకాపరి 1379 నాటికే తన రాజు అయిదవ చార్లెసునకై వ్రాసిన గ్రంథమున గొఱ్ఱెల కార్జము కుళ్లుటనుగూర్చి చెప్పియుండెను. ఇంగ్లాండున 1879, 1880 సంవత్సరములలో ఎడతెగని వానలవలన ఈ జబ్బు చెలరేగి రమారమి 30 లక్షల గొఱ్ఱెలు నశించెను. ఆ నష్టమే పరిశోధనకు పురికొల్పెను. ఆక్సుఫర్డునందు థామస్ అను యువశాస్త్రజ్ఞుడును, జర్మనీలోని లైప్జిగునందు ల్యూకార్టు పండితుడును, ఒకరికొకరు సంబంధము లేకయే, 1881 మొదలు 1883 వఱకు జరిపిన పరిశోధనలలో నత్త గుట్టును బయటపెట్టిరి. శత్రువు మార్గము తెలిసినది. శత్రువును చంపు ఆయుధము మాత్రము అప్పటికి లేదు.

అరువు తెచ్చిన ఆయుధములు

ఆ ఆయుధమును వెదకుటలో మానవుడు మొదటినుండియు అరువుపైననే ఆధారపడెను. కార్బన్ టెట్రాక్లోరైడ్ అను ద్రవము బట్టల మఱకలు తీయుటకును నిప్పు లార్పుటకును వాడబడిన పారిశ్రామిక పదార్థము. అమెరికా ప్రభుత్వ పశుశాఖలో పనిచేసిన మారిస్ హాల్ 1921లో అది కుక్కల కొంకిపురుగులను చంపునని ప్రకటించెను. మనుష్యుల కొంకిపురుగులకును దానిని విస్తారముగ వాడిరి. 1926 నాటికి దానినే గొఱ్ఱెల జలగకు ప్రయోగించి, ఒక ఘనసెంటీమీటరు మోతాదుతో పెద్ద జలగలు చచ్చుటను కనుగొనిరి. ఇంతకంటె చవుకయైన మందు లేనందున దశాబ్దములపాటు అదియే గొఱ్ఱెలకాపరుల దిక్కైనది.

కాని ఈ మందు స్వయముగ కార్జమునకు విషము. కార్జము చెడిన పశువునకు కార్జమును చెఱచు మందునే పోయుచుండిరి. ఒక మందలో అన్ని గొఱ్ఱెలును సుఖముగ నుండగా, మఱియొక మందలో అదే మోతాదునకు కొన్ని కూలిపోయెడివి. పైగా అది పిల్లజలగలను తాకలేదు. ఇట్లే యుద్ధములలో పొగతెరలు పఱచుటకు వాడిన హెక్సాక్లోరోఈథేన్, సబ్బులలో క్రిమిసంహారిగ కలిపిన హెక్సాక్లోరోఫీన్, బిథియోనాల్ అను పదార్థములు కూడ ఒకదానివెనుక నొకటి గొఱ్ఱెల గొంతునకు చేరినవి. వీనిలో ఒక్కటియు జలగకొఱకు పుట్టినది కాదు. నేడు పాత మందులను క్రొత్త పనికి మలచుట నవీనమార్గమని చెప్పబడుచున్నది; గొఱ్ఱెల విషయమున అది నూఱేండ్ల పాతమార్గమే. భేద మొక్కటే: నాడు చేతికందినది పోసి చూచిరి, నేడు ముందు పరీక్షించి పిదప పోయవలెనని తెలిసికొన్నాము.

1960వ దశకమున జలగకొఱకే నిర్మింపబడిన మందులు వచ్చుట మొదలయ్యెను. నైట్రాక్సినిల్, ఆక్సీక్లోజనైడ్, రాఫాక్సనైడ్, పిమ్మట క్లోసాంటెల్ అట్టివి. వీనిలో కొన్ని ఏడెనిమిది వారముల జలగనుండి పైకి చంపును. కొన్ని పెద్దవానిని మాత్రమే చంపును. మన పల్లెలలో నట్టల మందుగ అందఱెఱిగిన ఆల్బెండజోల్ కడుపుపురుగుల మోతాదునకంటె హెచ్చుగ నిచ్చినప్పుడే జలగపై పనిచేయును. అదియు పెద్ద జలగపై మాత్రమే. చూలు నిలిచిన తొలిమాసమున నీయగూడదు; పిల్లకు అంగవైకల్యము కలుగవచ్చును.

ఇట్టి స్థితిలో 1983లో అంగడికి వచ్చిన ట్రైక్లాబెండజోల్ ఒక విప్లవమును తెచ్చెను. కిలో బరువునకు 10 మిల్లీగ్రాముల చొప్పున త్రాగించినచో అది కొలది దినముల పిల్లజలగ మొదలు పెద్ద జలగ వఱకు అన్నిటిని చంపును. ఇతర పురుగుల జోలికి పోదు. పశువునకు బాధ స్వల్పము. గొఱ్ఱెలకాపరులు దీనిని వరముగ భావించిరి.

పిదప గొఱ్ఱె మందు మనుష్యుని రక్షించినది. 1989లో ఇరాన్ దేశమున కాస్పియన్ సముద్రతీరముననున్న గీలాన్ ప్రాంతమున వేలకొలది జనులు ఈ జలగ వ్యాధి పాలైరి. నీటిమొక్కల కూరలను పచ్చిగ తినువారికి ఇది సోకును. అప్పటివఱకు మనుష్యులకు సరియైన మందు లేదు. పశువుల మందైన ట్రైక్లాబెండజోల్ వారికి ఉపకరించినది. ప్రపంచ ఆరోగ్యసంస్థ 1997లో దానిని మనుష్యుల అత్యవసర ఔషధముల పట్టికలో చేర్చెను. అమెరికా ఔషధశాఖ 2019లో అనుమతించెను. 70కి పైగా దేశములలో కనీసము 24 లక్షల మంది ఈ వ్యాధిగ్రస్తులని ఆ సంస్థ అంచనా. వీరందఱికిని ముఖ్యాధారము నేటికిని గొఱ్ఱెలకై పుట్టిన ఆ యొక్క మందే.

ఆ యొక్క మందునే మనుష్యుడు చేజేతుల మొద్దుబార్చుకొనుచున్నాడు. ఏటేట అదే మందును, బరువు తూచక అరకొర మోతాదున పోయుటవలన, చావక మిగిలిన జలగల సంతతి వృద్ధిపొందెను. మందునకు లొంగని జలగలు కలవని 1995లో ఆస్ట్రేలియానుండి తొలి వార్త వచ్చినది. తరువాత ఐర్లాండు, బ్రిటన్, నెదర్లాండ్సు, దక్షిణ అమెరికా దేశములనుండి అట్టి వార్తలే వచ్చినవి. నెదర్లాండ్సున ఒక మనుష్యునికి సోకిన జలగయు ఈ మందునకు లొంగలేదని 2012లో వెల్లడియైనది. అనగా గొఱ్ఱెల మందలో పొదిగిన మొండితనము మనుష్యుని యింటికిని రాగలదు. బ్రిటన్ పొలములనుండి తెచ్చిన జలగలను పరీక్షించిన శాస్త్రజ్ఞులు, ఈ మొండితనము జలగ వంశసూత్రమున ఒకే యొక ప్రదేశమునకు సంబంధించియున్నదని 2023లో తెలిపిరి. అది వంశపారంపర్యముగ దిగివచ్చుచున్నదనుట స్పష్టము.

క్రొత్త మందు ఏల రాదు?

ట్రైక్లాబెండజోల్ వచ్చి నలువదేండ్లు దాటినది. దానికి సాటియైన క్రొత్త జలగ మందు నేటికిని గొఱ్ఱెలకాపరి చేతికి రాలేదు. ఇందుకు కారణము శాస్త్రమున లేదు, లెక్కలలో కలదు. మందు నొకదానిని నిర్మించి, పరీక్షించి, మాంసమున ఎన్నినాళ్లు మిగులునో తేల్చి, అనుమతి పొందుటకు అపారమైన వ్యయమగును. గొఱ్ఱె వెల తక్కువ. గొఱ్ఱెలకాపరి ఈయగలిగినది కొలదిపాటి సొమ్ము. అదియు ఏట ఒకటి రెండు మార్లు మాత్రమే. సంపన్నదేశములలో కుక్కకును పిల్లికిని నెలనెల మందు కొనువారు దొరకగా, పేదవాని గొఱ్ఱెకై ధనము వెచ్చించు వ్యాపారసంస్థ ఏది? లాభముపై నడచువారిని ఇందుకు నిందించి ప్రయోజనము లేదు. అయితే లాభము రాని చోట ప్రజల సొమ్ముతో నడచు పరిశోధనాలయములు పూనుకొనవలెనుగదా?

పాత మందులలో వెదకుట ఇందులకే ఉచితమైన మార్గము. ఆ మందు ఎట్లు తయారగునో, దేహమున ఎంతసేపు నిలుచునో, ఎంత మితిమీరిన ప్రాణాపాయమో ముందే కొంత తెలిసియుండును. పెక్కింటిపై ఏకస్వామ్యపు హక్కులు ముగిసినవి. కావున చవుకగ తయారుచేయవచ్చును. వ్యయములో పెద్దభాగము మిగులును. అయినను అంతయు మిగులదు. ఆ మాటను మఱచినవారే కష్టములు తెచ్చిపెట్టిరి.

పాత అలమారులో వెదకులాట

మొదట ఒక వైఫల్యమును చెప్పవలసియున్నది. ప్రాజిక్వాంటెల్ అను మందు మనుష్యుల రక్తనాళములలోనుండు చదును పురుగులకును, తూర్పు ఆసియాలో చేపలద్వారా సోకు మఱియొక కార్జపు జలగకును మేలైన మందు. ఒకే కుటుంబపు పురుగు గనుక గొఱ్ఱెల జలగకును పనిచేయునని ఎవరైనను తలతురు. పనిచేయదు. ఏల పనిచేయదో చిరకాలము తెలియలేదు. 2021లో వెలువడిన పరిశోధన ఆ గుట్టు విప్పెను. ఈ మందు పురుగు కణములలోని యొక ద్వారమును బలవంతముగ తెఱచి చంపును. ఫాసియోలా జలగలో ఆ ద్వారము కలదు. కాని మందు వచ్చి తగులుకొనవలసిన చోట ఒక్క అమైనో ఆమ్లము మాఱియున్నది. ఒక్క ఇటుక మాఱుటవలన తాళముచెవి పట్టలేదు. చుట్టఱికమును చూచి మందు నిర్ణయింపరాదనుటకు ఇంతకు మించిన నిదర్శనము లేదు.

ఐవర్‌మెక్టిన్ సంగతి అట్టిదే. పశువులకై 1981లో అంగడికి వచ్చిన ఈ మందు, 1987 మొదలు ఆఫ్రికాలో నదీతీరపు అంధత్వవ్యాధికి ఉచితముగ పంచిపెట్టబడి అసంఖ్యాకులకు చూపు నిలిపెను. మన మందలలోను దానిని విరివిగ వాడుచున్నారు. గొఱ్ఱె కడుపులోని గుండ్రని పురుగులను, చర్మమునంటిన గజ్జిపురుగులను అది చంపును; జలగను ముట్టదు. ఐవర్‌మెక్టిన్ సూది వేయించితిమి గనుక జలగ భయము తీఱినదని తలచు కాపరి మోసపోవును. ఆ నమ్మకమున పోయిన గొఱ్ఱెలు తిరిగిరావు.

ఐవర్‌మెక్టిన్ పరిశోధకులతోపాటు 2015లో నోబెల్ బహుమానమును పంచుకొన్న చీనా శాస్త్రజ్ఞురాలు తూ యూయూ కనిపెట్టిన మలేరియా మందు కథ కొంత ఆశాజనకముగ నున్నది. మాచిపత్రి జాతికి చెందిన యొక చీనా మొక్కనుండి తీసిన ఆర్టిమిసినిన్‌నుండి తయారైన ఆర్టిమీథర్, ఆర్టిసునేట్ అను మందులను స్విట్జర్లాండు శాస్త్రజ్ఞులు జలగ సోకిన ఎలుకలకిచ్చి చూడగా జలగలు చచ్చినవి. పిదప గొఱ్ఱెలపై పరీక్షించిరి. ఆర్టిమీథరును నోట త్రాగించిన గొఱ్ఱెలలో ఫలము కానరాలేదు. అదే మందును ఎక్కువ మోతాదున కండలోనికి సూదిద్వారా ఎక్కించినపుడు జలగలలో చాలభాగము నశించెను. ఆర్టిసునేట్ మోతాదును పెంచినపుడు మాత్రము గొఱ్ఱెలే చచ్చినవి. 2010లో వెల్లడియైన ఈ ఫలితములలో ఆశయు హెచ్చరికయు రెండును గలవు. ఎలుకలో గెలిచిన మందు గొఱ్ఱెలో గెలుచునని చెప్పలేము. నోట గెలువనిది సూదితో గెలువవచ్చును. గెలిపించు మోతాదునకును చంపు మోతాదునకును నడుమ ఎడము చాలకపోవచ్చును.

ఇందు వేఱొక ధర్మసంకటము కూడ గలదు. మలేరియా మందు మనుష్యుల ప్రాణములను కాపాడునది. దానిని కోట్లకొలది గొఱ్ఱెలకు పోయుటవలన మనుష్యులకు కొఱత గాని, వెల పెరుగుట గాని కలుగదా? అందువలన వీనిని నేరుగ మందలకు తెచ్చుటకంటె, అవి జలగను ఎట్లు చంపుచున్నవో తెలిసికొని, ఆ మార్గమున పశువులకు ప్రత్యేకమైన మందును రూపొందించుటయే యుక్తమని మా అభిప్రాయము.

ఎరువు సొమ్ము బరువు చేటు

మందును ఒక జీవినుండి మఱియొక జీవికి మార్చునపుడు కలుగు అపాయములను మనదేశము కన్నులార చూచినది. మనుష్యుల నొప్పులకు వాడు డైక్లోఫెనాక్‌ను పశువుల కిచ్చిరి. పశువునకు నొప్పి తగ్గినది. ఆ పశువు చచ్చిన పిదప దాని మాంసమును తిన్న రాబందుల మూత్రపిండములు చెడినవి. పదునైదేండ్లు తిరుగకుండ ఆకాశమున రాబందు కనబడుట అరుదైపోయెను. 2004లో ఈ కారణము తేలగా, 2006లో భారతప్రభుత్వము పశువులకు దాని వాడుకను నిషేధించెను. అప్పటికే కలుగవలసిన నష్టము కలిగెను.

ఇతరదిశయందును ఇట్టి యుదాహరణ గలదు. లిథువేనియా దేశమునకు దానముగ వచ్చిన మందులలో వివరపత్రము లేని క్లోసాంటెల్ మాత్రలుండెను. అది పశువుల జలగ మందని యెఱుగక 1993 ప్రాంతమున స్త్రీల వ్యాధికి 11 మంది స్త్రీల కిచ్చిరి. వారందఱికిని తాత్కాలికముగ చూపు పోయెను. ఇదే మందు మోతాదు మించినచో గొఱ్ఱెయు గ్రుడ్డిదగును. ఎరువు సొమ్ము బరువు చేటన్న సామెత మందులపట్ల అక్షరసత్యము.

గొఱ్ఱె కడుపు మనుష్యుని కడుపువంటిది కాదనుట మఱియొక అంశము. దాని పొట్టలో సూక్ష్మజీవుల మహాసంఘము గడ్డిని పులియబెట్టుచుండును. నోట పోసిన మందును అవి ముందే విఱుగగొట్టగలవు. నైట్రాక్సినిల్‌ను సూదిగనే వేయుటకు కారణ మిదియే. అంతెందులకు? ఒకే కొట్టమున నుండు గొఱ్ఱెకును మేకకును భేదమున్నది. ఆల్బెండజోల్ జాతి మందులను మేక దేహము త్వరగ ఖర్చుచేయును; గొఱ్ఱె మోతాదు దానికి చాలదు. ఇట్లుండగా మనుష్యుని మోతాదును బరువు లెక్కించి గొఱ్ఱెకు పోసినచో సరిపోవునని తలచుట ఎంత సాహసము!

మనము చేయవలసినది

ఈ పరిశోధనలలో పెక్కులు ఐరోపా జలగపై జరిగినవి. మన జలగ జైగాంటికా. ఒకదాని ఫలితము రెండవదానికి వర్తించునని ముందుగ చెప్పరాదు. ఇండోనేషియాలోని సన్నతోక గొఱ్ఱె జైగాంటికాను తన దేహబలముతోనే చాలవఱకు చంపగలదు. హెపాటికా ముందు అదే గొఱ్ఱె ఓడిపోవును. రెండు జలగలకును అంత భేదమున్నపుడు, మన దక్కను గొఱ్ఱెకును నెల్లూరు గొఱ్ఱెకును తగిన మందును తేల్చుటకు మన గొఱ్ఱెలపైననే, మన జలగపైననే పరీక్షలు జరుగవలెను. పశువైద్య విశ్వవిద్యాలయములు గల మన రెండు రాష్ట్రములకును ఇది మించిన పని కాదు. జలగను పాత్రలో పెంచి పాత మందులను వరుసగ పరీక్షించుట మొదటి మెట్టు. కొలది గొఱ్ఱెలపై మోతాదును తేల్చుట రెండవది. మందలలో పరీక్షించుట మూడవది. మాంసమున మందు నిలుచు దినములను కొలుచుట నాల్గవది. ఫలింపని పరీక్షలను కూడ దాచక ప్రకటింపవలెను. ఒకరి వైఫల్యము తెలిసినచో పదిమంది కాలము మిగులును.

ఇట్టి కృషికి తెలుగువారు అన్యులు కారు. భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ సంస్థయందు నడపిన పరిశోధనలనుండి 1947లో డైఇథైల్ కార్బమజీన్ వెలువడెను. బోదకాలు వ్యాధికి నేటికిని అదియే ముఖ్యౌషధము. మనుష్యులకై పుట్టిన ఆ మందునే తరువాతి దశకములలో దూడల, గొఱ్ఱెల ఊపిరితిత్తుల పురుగులకును వాడిరి. ఒక తెలుగువాని నేతృత్వమున పుట్టిన మందు మనుష్యునినుండి పశువునకు సాగిన ఈ మార్గమున తానును నడచినది.

పరిశోధన ఫలించువఱకు చేతిలోనున్న మందులను కాపాడుకొనుట మన ధర్మము. రెండు రాష్ట్రములందును ప్రభుత్వ పశువైద్యశాఖలు మందలకు నట్టల మందు త్రాగించుచున్నవి, ఇది మెచ్చదగినది. అయితే ఏ మందు ఏ పురుగునకు పోయుచున్నామో తెలిసి పోయవలెను. జలగ గ్రుడ్డు బరువైనది. పేడను నీట కలిపి అడుగునకు దిగనిచ్చి సూక్ష్మదర్శనిలో చూచినచో పసుపు వన్నెతో కనబడును. పొట్టజలగ గ్రుడ్డు వన్నె లేనిది. ఈ చిన్న పరీక్ష చేసి మందు పోసి, మూడు వారముల పిదప మరల చూచినచో మందు పనిచేసినదో లేదో తెలియును. మందలో బరువైన గొఱ్ఱెను తూచి దానికి తగిన మోతాదు నిర్ణయింపవలెను. కంటి అంచనాతో తక్కువ పోయుట జలగకు పాఠము చెప్పుటయే. ఏటేట ఒకే మందును పట్టుకొనక, పశువైద్యుని సలహాతో మార్చుచుండవలెను.

మందు ఒక్కటే చాలదనియు కాపరు లెఱుగవలెను. నీరు వెనుదీసిన చెఱువు అంచుల పచ్చికను సాధ్యమైనంతవఱకు తప్పించుట, త్రాగునీటి తొట్టిని ఎత్తున కట్టుట, నీరు నిలుచు పల్లపు చోట్లను ఎండగట్టుట పాత పద్ధతులే. వీనివలన నత్తకును గొఱ్ఱెకును ఎడమేర్పడును. ఎడమేర్పడిన చోట మందుతో పని తగ్గును. పని తగ్గిన మందు చిరకాలము పదును నిలుపుకొనును.

పాత మందును క్రొత్త పనికి నియోగించుట పేదదేశములకు లభించిన గొప్ప అవకాశము. దానిని సద్వినియోగము చేసికొనుటకు కావలసినవి రెండే: పరీక్షింపక పోయగూడదన్న నియమము, లాభము రాని చోట ప్రజల సొమ్మును వెచ్చించు నిశ్చయము. నూఱేండ్లక్రింద చేతికందిన ద్రవమును పోసినవారికి ఈ జ్ఞానము లేదు. తెలిసియు మనము ఊరకున్నచో వచ్చు వర్షములకు కూలు గొఱ్ఱెలకు బాధ్యులము మనమే యగుదుము. మన విశ్వవిద్యాలయములును ప్రభుత్వములును ఈ చిన్న జీవి విషయమున పెద్దమనసు చూపునుగాక.